వేలాడే స్తంభం కింద రీల్స్ సరే.. తలెత్తి చూశారా? హిందూపురం టు ధర్మవరం, బోర్డు లేని ఆర్ట్ గ్యాలరీ

సమ్మర్ హాలిడేస్ వచ్చాయంటే చాలు, లేపాక్షిలో ఒక సీన్ కామన్. వీరభద్రస్వామి ఆలయంలో వేలాడే స్తంభం చుట్టూ జనం మూగుతారు. ఒకరు స్తంభం కింద నుంచి చున్నీనో, పేపర్‌నో దూరుస్తారు. ఇంకొకరు ఫోన్ నేలకు ఆనించి వీడియో తీస్తారు. రీల్ రెడీ. అక్కడి నుంచి నేరుగా నంది దగ్గరకు, ఒక సెల్ఫీ, ఆ తర్వాత కారెక్కేయడం. ఈ టూర్ మొత్తంలో చాలామంది చేయని పని ఒక్కటే.. తలెత్తి పైకి చూడటం.

అసలు సంగతి అంతా ఆ పైకప్పు మీదే ఉంది. దాదాపు ఐదు వందల ఏళ్ల కిందట విజయనగర చిత్రకారులు వేసిన బొమ్మలు ఇప్పటికీ అక్కడ కనిపిస్తాయి. 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న వీరభద్రుడి చిత్రం ఒక్కటి చాలు, ఇది మామూలు చోటు కాదని చెప్పడానికి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, మనునీతి చోళుడి కథ, వటపత్రశాయి.. ఒక్కో పట్టీ ఒక్కో కథ చెబుతుంది. సమ్మర్‌లో ఏ ఆర్ట్ ఎగ్జిబిషన్‌కు వెళ్దామా అని ఫోన్‌లో వెతికేవాళ్లకు శ్రీ సత్యసాయి జిల్లా పేరు మాత్రం తట్టదు. ఎందుకిలా?

అక్కడ ఎండాకాలమే సీజన్.. ఇక్కడ సీన్ రివర్స్

యూరప్‌లో ఎండ కాసే నెలలే కళా ప్రదర్శనల సీజన్. ఇటలీలోని సముద్రపు ఒడ్డు నగరం వెనిస్‌లో 1895లో మొదలైన బియనాలే పెద్ద ప్రదర్శనలు వేసవి అంతా నడుస్తాయి. మన దేశంలో అలా కుదరదు. కేరళ తీరంలో 2012లో మొదలైన కొచ్చి ముజిరిస్ బియనాలే డిసెంబర్‌లో తెరుచుకుంటుంది, ఎండలు ముదిరేలోపు ముగుస్తుంది. బెంగళూరులో రోడ్డు మీద జరిగే చిత్రసంతే కూడా జనవరి ముచ్చటే.

అంటే ఏమైంది? పిల్లలకు సెలవులు దొరికే ఏప్రిల్, మే నెలల్లో పెద్ద ప్రదర్శనల సందడి తగ్గిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం, మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉన్నాయి. బెంగళూరులో ఉంటే మాణిక్యవేలు మాన్షన్‌లో 2009 నుంచి నడుస్తున్న నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడ్రన్ ఆర్ట్ ఉంది. మరి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లల సంగతేంటి? వాళ్లకు కళ చూడాలంటే రైలెక్కి సిటీకి పోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఎందుకంటే సిటీ గ్యాలరీల్లో అద్దాల వెనక కనిపించే కళకు పుట్టిల్లు ఇక్కడే ఉంది. బెంగళూరు చిత్రకళా పరిషత్‌కు వెళ్తే తోలుబొమ్మలకే ప్రత్యేక సేకరణ కనిపిస్తుంది. అదే కోవకు చెందిన తోలుబొమ్మల్ని చేసే చేతులు ధర్మవరం పక్కనే ఉన్నాయి.

గుడి స్తంభం మీది డిజైన్.. చీర అంచు మీదికి

లేపాక్షి ఆలయంలో లతా మండపం అని ఒకటుంది. స్తంభం స్తంభానికీ డిజైన్ మారిపోతుంది. లతలు, హంసలు, పూలు, గళ్లు.. చూస్తుంటే చీరల దుకాణంలో కేటలాగ్ తిరగేసినట్టే ఉంటుంది. పైకప్పు చిత్రాల్లోని ఆడవాళ్లు కట్టుకున్న చీరల్నీ, వాటి అంచుల్నీ, పైటల్నీ గమనిస్తే ఆ పోలిక ఇంకా బాగా తెలుస్తుంది. ధర్మవరం పట్టుచీరల అంచులకు ఈ గుడి డిజైన్లే స్ఫూర్తి అని చాలాకాలంగా చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక గొలుసు ఉంది. రైతులు పెంచిన పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్‌కు వస్తాయి. పట్టు ధర్మవరం మగ్గాల మీద చీరగా మారుతుంది. డిజైన్‌కు మూలం లేపాక్షి రాయిలో ఉంది. ముడిసరుకు, పనితనం, ఊహ.. మూడూ ఒకే జిల్లాలో, గంటా రెండు గంటల దూరంలో.

కానీ నేతన్న కష్టం వేరే. చేనేత పట్టుచీరకు 1985 నాటి రిజర్వేషన్ చట్టం రక్షణ ఉంది, ధర్మవరం పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా మరమగ్గం మీద తయారైన చీర అదే పేరుతో, తక్కువ ధరకు షాపులో పక్కనే వేలాడుతుంటే కొనేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? మగ్గం పని ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లకు తెలుస్తుంది. ఆ చూపించే ఏర్పాటే సరిగ్గా లేకపోతే చట్టం ఉన్నా, గుర్తింపు ఉన్నా నేతన్నకు ఒరిగేది తక్కువే.

నిమ్మలకుంట: తెర తీస్తే బొమ్మ, తీయకపోతే లాంప్‌షేడ్

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలాటకు పెట్టింది పేరు. మేకతోలును శుభ్రం చేసి, కాంతి దూరేంత పల్చగా మార్చి, బొమ్మ గీసి, చిన్న ఉలులతో వేల చిల్లులు కొడతారు. ఆ తర్వాత రంగులు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. రాముడు, రావణుడు, హనుమంతుడు ఒక ఎత్తయితే.. జనాన్ని కడుపుబ్బ నవ్వించే కేతిగాడు, బంగారక్క ఇంకో ఎత్తు.

ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. 2024 జనవరి 16న ప్రధాని మోదీ లేపాక్షి వచ్చినప్పుడు ఆలయంలో జటాయువు కథను తోలుబొమ్మలాటగానే చూశారు. రంగనాథ రామాయణ గానం విన్నారు. ఆ రోజు దేశమంతా ఆ వీడియో చూసింది.

వీడియో తర్వాత? తెల్లవార్లూ ఆటలు ఆడించే రోజులు పోయాయి. సినిమా, టీవీ, ఇప్పుడు ఫోన్ ఒకదాని తర్వాత ఒకటి ఆ తెర ముందు కూర్చునే జనాన్ని లాగేసుకున్నాయి. బతుకుదెరువు కోసం కళాకారులు అదే తోలుతో లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు, తలుపుకు కట్టే అలంకరణలు చేస్తున్నారు. అందులో తప్పేం లేదు. ఆ పనే ఊరిని నిలబెట్టింది కూడా. కానీ లాంప్‌షేడ్‌కు పాట అక్కర్లేదు, కథ అక్కర్లేదు, బొమ్మ ఆడించే చేతివాటం అక్కర్లేదు. చెక్కే పని మిగిలి, ఆడించే విద్య పోతే సగం కళ పోయినట్టే.

ఇండోనేషియాను చూడండి. చుట్టూ సముద్రమున్న ఆ దీవుల దేశంలో కూడా తోలుబొమ్మలతో రామాయణ, భారత కథలే ఆడిస్తారు. దాన్ని వాయాంగ్ అంటారు. యునెస్కో 2003లోనే గుర్తించింది. అక్కడికెళ్లే టూరిస్టు టికెట్ కొని కూర్చుని ఆట చూస్తాడు. మన దగ్గరకొచ్చే టూరిస్టుకు ఆట ఎక్కడ, ఎప్పుడు ఉంటుందో చెప్పేవాళ్లేరి?

పెనుకొండ: రాజులకే సమ్మర్ స్పాట్

రెండింటి మధ్యలో పెనుకొండ. విజయనగర రాజులకు ఇది వేసవి విడిది అని చెబుతారు. గగన్‌మహల్ కట్టడంలో ఒకవైపు ఇస్లామిక్ తరహా కమానులు, పైన గుడి గోపురాన్ని తలపించే శిఖరం కనిపిస్తాయి. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత హంపి దెబ్బతిన్నప్పుడు రాజధాని అయింది కూడా ఈ ఊరే. లేపాక్షి గుడి కట్టించిన విరూపణ్ణ పెనుకొండలోనే కోశాధికారిగా పనిచేశాడని ప్రతీతి. అంటే లేపాక్షి బొమ్మల కథ మొదలైంది ఇక్కడి ఖజానా దగ్గరే అన్నమాట.

కొండ కింద జైన పార్శ్వనాథ ఆలయం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా.. అన్నీ ఒకే ఊళ్లో. జాతీయ రహదారి 44 పక్కనే. ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఈ రోడ్డు మీద దేశవిదేశాల వాళ్ల రాకపోకలు పెరిగాయి. కానీ కార్లన్నీ బైపాస్ మీదుగా దూసుకెళ్లిపోతే ఊరికేం లాభం?

యునెస్కో లిస్టులో పేరుంది.. కానీ

లేపాక్షి వీరభద్రాలయం, ఏకశిలా నంది 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. చాలామంది దీన్నే గుర్తింపు అనుకుంటున్నారు. కాదు. ఇది క్యూలో నిలబడటం లాంటిదే. తెలంగాణలోని రామప్ప 2014లో తాత్కాలిక జాబితాలో చేరితే, తుది గుర్తింపు వచ్చింది 2021లో. మధ్యలో ఏడేళ్లు. ఆ టైంలో పత్రాలు సిద్ధం చేయాలి, కట్టడాన్ని కాపాడే ప్లాన్ చూపించాలి, చుట్టుపక్కల నిర్మాణాల మీద అదుపు ఉందని నిరూపించాలి.

ఇక్కడే పైకప్పు బొమ్మల సంగతి కీలకం. రాయి ఎండకు, వానకు తట్టుకుంటుంది. సున్నపు పూత మీద వేసిన రంగు తట్టుకోదు. తేమ చేరితే పెచ్చులూడుతుంది, పొగ తగిలితే నల్లబడుతుంది. ఇప్పటికే కొన్నిచోట్ల బొమ్మలు చెరిగిపోయాయి. రాలిపోయిన రంగును తిరిగి పుట్టించడం ఎవరి వల్లా కాదు.

మరి ఏం చేయొచ్చు?

కోట్లు పెట్టి కొత్త బిల్డింగ్ కట్టాల్సిన పనిలేదు. పైకప్పు మీద ఏ పట్టీలో ఏ కథ ఉందో తెలుగులో చెప్పే బోర్డు, ఫోన్‌లో వినే ఆడియో ఉంటే చాలు, జనం అక్కడ ఇంకో పావుగంట ఆగుతారు. సెలవుల్లో శని, ఆదివారాలు చీకటి పడ్డాక లేపాక్షిలో ఒక గంట తోలుబొమ్మలాట పెడితే నిమ్మలకుంటకు పని, పిల్లలకు ముచ్చట. ధర్మవరంలో మగ్గం చూపించి, చేనేతకూ మరమగ్గానికీ తేడా చెప్పి, అక్కడే చీర అమ్మితే మధ్యలో దళారీకి చోటుండదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. కావాల్సిందల్లా మూడింటినీ కలిపే ఒక ప్లాన్.

ఈ సెలవుల్లో వెళ్లేవాళ్లకు

హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్లడం బెటర్. పది దాటితే ప్రాంగణంలో బండలు కాలిపోతాయి, చెప్పుల్లేకుండా నడవలేరు. మండపంలో మాత్రం చల్లగా ఉంటుంది. అక్కడ కాసేపు కూర్చోండి. ఫ్లాష్ ఆఫ్ చేయండి. స్తంభం వీడియో ఎలాగూ తీస్తారు, తీసుకోండి. ఆ తర్వాత ఒక్కసారి ఫోన్ జేబులో పెట్టి తలెత్తండి. ఐదు వందల ఏళ్లుగా ఆ ఎగ్జిబిషన్ అక్కడ నడుస్తూనే ఉంది. ఎన్నాళ్లుంటుందన్నదే ఇప్పుడు ప్రశ్న.