అంగడి వేగు

"మామయ్యా, మిస్టరీ షాపరుగా చేరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని మా మేనకోడలు అడిగింది. కొంతకాలం నేనా పని వెలగబెట్టానని దానికి తెలుసు. దానికి చెప్పిన జవాబునే కాస్త విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. దానికి నచ్చలేదు. మీలోనూ కొందరికి నచ్చకపోవచ్చు.

ముందుగా మాట సంగతి. మిస్టరీ షాపర్ అనగానే అపరాధ పరిశోధన నవలలోని పాత్ర ఏదో స్ఫురిస్తుంది. చేసే పనిని బట్టి నేను 'అంగడి వేగు' అని పేరు పెట్టుకున్నాను. ఇంతకన్నా మంచి మాట తోస్తే చెప్పండి, సంతోషంగా మార్చుకుంటాను. అర్థాన్ని మాత్రం మెత్తబరచవద్దు. వేగును వేగనే అనాలి.

పని ఇలా సాగుతుంది. ఒక ఏజెన్సీలో పేరు నమోదు చేసుకుంటాము. పని ఒప్పుకున్నాక సూచనల పత్రం వస్తుంది. మామూలు కొనుగోలుదారులా దుకాణానికి వెళ్ళి, వాళ్ళు అడగమన్నవి అడిగి, కొనమన్నది కొని, బిల్లు భద్రపరచాలి. ఎన్ని నిమిషాలకు పలకరించారు, పలకరించినవారి పేరేమిటి, నవ్వారా, ఇంకేమైనా కొనమని అడిగారా, ఇవన్నీ గుర్తుపెట్టుకుని ఆనాడో మరునాడో నివేదిక నింపాలి. సొమ్ము ఆ తరువాత ఎప్పటికో వస్తుంది. ఆటో ఖర్చూ, నివేదికకు పట్టిన పొద్దూ లెక్కవేసుకుంటే మిగిలేది స్వల్పం. 'షాపింగు చేస్తూ సంపాదించండి' అని ఊరించేవారు ఈ లెక్క చెప్పరు.

ఇంకొకటి కూడా చెప్పరు. ఈ పనికి ముందుగా రుసుము కట్టమన్నవాడు మోసగాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ వల మరో రూపంలో వస్తుంది. ఇంటికి చెక్కు పంపుతారు. దాన్ని బ్యాంకులో వేసి, మీ వాటా ఉంచుకుని, మిగతాదానితో గిఫ్టు కార్డులు కొని, వాటి సంఖ్యలు తెలపమంటారు. దుకాణాన్ని పరీక్షించడమంటే అదేనని నమ్మిస్తారు. కొన్నాళ్ళకు చెక్కు దొంగదని తేలుతుంది, మొత్తం సొమ్ము మీరే కట్టుకోవాలి. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీనిపై హెచ్చరికలు ఇస్తూనే ఉంది. మన దేశంలోనైతే టెలిగ్రాములో చిన్న చిన్న పనులిచ్చి, తొలుత వందో రెండు వందలో చేతిలో పెట్టి, పిమ్మట 'డిపాజిటు' అడుగుతారు. చిక్కుకున్నవారు సిగ్గుపడక వెంటనే 1930 కు ఫోను చేయాలి.

అయితే నా అసలు అభ్యంతరం ఈ మోసాల గురించి కాదు, నిజాయితీగా నడిచే పని గురించే.

ఒక బట్టల దుకాణానికి సాయంత్రం ఏడింటికి వెళ్ళాను. చీరల విభాగంలో ఉన్న అమ్మాయి ఒక కాలి మడమను రెండో కాలి మీద ఆనించి, గోడకు ఒరిగీ ఒరగనట్లు నిలబడి ఉంది. నన్ను చూసి సర్దుకుంది. అడిగినవన్నీ విప్పి చూపింది. నవ్వలేదు. పత్రంలో 'చిరునవ్వుతో పలకరించారా?' అన్న ప్రశ్నకు ఎదురుగా 'లేదు' అని గుర్తు పెట్టి, ఆమె ఛాతీ మీది బిళ్ళపై ఉన్న పేరు రాశాను. ఉన్నమాటే రాశాను. మూడు నెలల తరువాత నిజంగానే చీర కొనడానికి వెళితే ఆమె లేదు. "మార్కులు తగ్గి ఇన్సెంటివు కోశారు సార్, మానేసింది" అంది పక్కనున్న అమ్మాయి. నా గుర్తు వల్లనే అని చెప్పలేను. కాదనీ చెప్పలేను.

ఆ పత్రంలో నలభై ప్రశ్నలున్నాయి. ఆ అమ్మాయి కూర్చోవడానికి ఒక స్టూలు ఉందా అన్న ప్రశ్న వాటిలో లేదు. కూర్చునే హక్కు కోసం కోళిక్కోడులో దుకాణాల స్త్రీలు పోరాడితే, 2018 లో కేరళ తన చట్టాన్ని సవరించవలసి వచ్చింది. 2021 లో తమిళనాడు అదే బాట పట్టింది. ఒక స్టూలుకు చట్టం కావలసిన దేశంలో, నవ్వును కొలవడానికి వేగులను పెట్టుకుంటున్నాము.

వేగులు మనకు కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వర్తకుడి వేషం వేసిన గూఢపురుషుడున్నాడు. కాని అంతటి కఠినాత్ముడు సైతం ముగ్గురు వేగులు ఏకవాక్యంగా చెబితేనే మాట నమ్మదగినదన్నాడు. నేటి యజమానికి నావంటి ఒక్కడి సాయంకాలపు అభిప్రాయం చాలు, జీతం కోయడానికి.

మారువేషమే పాపమా అని మీరడగవచ్చు. కాదు. 2012 లో వెలువడిన ఒక పరిశోధన కోసం ఢిల్లీలోనూ మధ్యప్రదేశ్ పల్లెల్లోనూ తర్ఫీదు పొందినవారు రోగుల్లా వైద్యుల దగ్గరకు వెళ్ళారు. మన వైద్యం ఎంత నాసిగా ఉందో అలా బయటపడింది. అనగోల్, కోల్, సర్కార్ అనే పరిశోధకులు జీవితబీమా ఏజెంట్ల దగ్గరకు కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపారు. ఎక్కువ కమిషను వచ్చే, కొనేవాడికి పనికిరాని పాలసీలనే ఏజెంట్లు అంటగడుతున్నారని తేల్చారు. ఆ వేగులు జనం పక్షాన వెళ్ళి వ్యవస్థ లోపాన్ని వెలికితీశారు. మనం యజమాని పక్షాన వెళ్ళి నిలబడి అలసిన మనిషి ముఖాన్ని పట్టిస్తున్నాము. తేడా వేషంలో లేదు, నివేదిక ఎవరికి చేరుతుందన్న దానిలో ఉంది.

అందుచేత మేనకోడలికి చెప్పింది ఇది. పైసా కట్టకు. నివేదికను మార్కులకూ జీతానికీ ముడిపెడతారో లేదో ముందే అడుగు, పెడతామంటే ఆ పని వదులుకో. అడిగినా చెప్పకపోతే అదీ ఒక జవాబే. ధర, తూకం, గడువు తేదీ, తప్పుడు వాగ్దానం, ఇలాంటివి పరీక్షించే పని దొరికితే నిస్సంకోచంగా చెయ్యి. వ్యాఖ్యల కోసం ఖాళీ చోటిస్తే, ఆ మనిషి ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో కూడా రాయి.

"ఇన్ని షరతులు పెడితే నాకు పనెవరిస్తారు మామయ్యా?" అంది. ఇవ్వకపోవచ్చు. అయినా నేను ఆ 'లేదు' గుర్తుకు పుచ్చుకున్న సొమ్ము ఎంతో ఈనాటికీ గుర్తుంది. ఆ అమ్మాయి పేరు కూడా.