మొండెము మనది, ప్రాణ మెవరిది?

మొన్న తాండూరులో నాపరాతి వ్యాపారము చేయు నొక కక్షిదారుని యింటికి బోయితిమి. ఆయన కుమారుడు కంప్యూటరు ముందు గూర్చుండి యుద్ధక్రీడలో మునిగియుండెను. 2010లో వెలువడిన ‘అపాచీ: ఎయిర్ అసాల్ట్’ అను ఆట యది. తెరమీద అపాచీ హెలికాప్టరు కొండల నడుమ దూరి నిప్పులు గురియుచుండెను. “ఈ యంత్ర మెక్కడ జేయుదురు, నాయనా?” అని యడిగితిమి. “అమెరికాలోనండీ” అని తల యెత్తకయే బదులు చెప్పెను.

బాలుని యుత్తరము సగము తప్పు. హైదరాబాదు చెంత ఆదిభట్లలో టాటా బోయింగు కర్మాగారము కలదు. 2018 మొదలు అపాచీ మొండెములు అచ్చట తయారగుచున్నవి. 2025 నాటికి వాని సంఖ్య 300 చేరినది. ఆదిభట్ల రంగారెడ్డి జిల్లాలోనిది. 2016 వఱకు మన వికారాబాదు, తాండూరులును ఆ జిల్లాలోనివే. పొరుగున పుట్టినదానిని మన బిడ్డ లెఱుగకుండుట మన పాఠశాలలకును, పత్రికలకును గౌరవము గాదు.

అయినను ఆ యుత్తరము సగ మొప్పు. ఇంజను, ఆయుధములు, అన్నిటికంటె ముఖ్యముగా నమూనాపై హక్కు, ఇవి యమెరికావారివి. మొండెము సముద్రములు దాటి అరిజోనాలోని మెసాకు పోవలయును. అచ్చటనే దానికి ప్రాణప్రతిష్ఠ. మన సైన్యము 6 అపాచీలకై 2020లో ఒడంబడిక చేసికొన్నది. మొదటిదాని మొండెము 2023లో ఆదిభట్లనుండి పోయినది. తొలి మూడు హెలికాప్టర్లు 2025 జూలైలోను, తక్కిన మూడు డిసెంబరులోను గాని మన చేతికి రాలేదు. ఇంటిలో మలచిన విగ్రహమునకై పరుల వాకిట వేచియుండవలసి వచ్చెను.

కౌలుదారునకును పట్టాదారునకును గల భేదము న్యాయవాదుల కెల్ల నిత్యపరిచితము. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారునకు భూమిపై హక్కు కల్పించెను. యంత్రము చేయు చేతికి యంత్రముపై హక్కు నొసగు చట్టము మాత్ర మేదియు లేదు. ఆ హక్కును విద్యచేతనే గడింపవలయును.

సర్వమును తామే చేసికొను దేశ మెచ్చట నున్నదని కొంద రందురు. నిజమే. ఆదిభట్ల పనివారు నేర్చిన నేర్పు స్వల్పమైనదియు గాదు. కాని 1999లో కార్గిలు శిఖరములపై పోరాడదగిన దాడి హెలికాప్టరు మనకు లేకపోయెను. ఆ కొఱతనుండి పుట్టినదే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ప్రచండ్. అది 2010లో తొలిసారి యెగిరి, 2022లో వాయుసేన జేరెను. 2025 మార్చిలో 156 ప్రచండ్‌లకు ప్రభుత్వ మొడంబడిక చేసికొన్నది. దాని యింజను ఫ్రెంచివారితో గలసి నిర్మించినదే. అయినను నమూనాకు పట్టాదారులము మనమే.

ఆట మానుమని బాలుని మందలింపము. ఆ రెక్క గాలి నెట్లు పట్టునో, ఆ లోహము వేడి కెట్లు నిలుచునో చేతులార నేర్చుకొనుటకు వికారాబాదు, తాండూరు పాఠశాలల కొక్కొక్క పనిముట్ల శాలనైనను ఏర్పఱుపుడని ప్రభుత్వమును, ధనవంతులను కోరుచున్నాము. ఆ బాలుడు పెద్దవాడైన పిమ్మట నెవరైన నదే ప్రశ్న వేసినచో, తల యెత్తి “ఇచ్చటనేనండీ” యని సంపూర్ణసత్యము పలుకు దినము వచ్చుగాక!