విలువకు ఒకే చోటు

వన్ టౌన్‌లో పోర్టు పనుల మీద బతికే క్లియరింగ్ ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ ఎక్కించే కుర్రాళ్లను నేను బతిమాలేది ఒక్కటే: ఒకే విలువను నాలుగు చోట్ల రాయకండి. ఆ ఎక్కించే పనికి వాడే, 2012లో వచ్చిన ఆన్సిబుల్ అనే పనిముట్టులో ఏ విలువ నెగ్గాలో తేల్చడానికి 22 మెట్లున్నాయి. రోల్ (ఒక పనికి కావాల్సిన ఫైళ్ల మూట) డిఫాల్ట్స్ దాదాపు అట్టడుగున, కమాండ్‌తో ఇచ్చే ఎక్స్‌ట్రా వేరియబుల్స్ అన్నిటికీ పైన. చిక్కంతా మధ్యలోనే. ఒక సర్వర్ కోసమని హోస్ట్ వేరియబుల్స్‌లో డేటాబేస్ చిరునామా మారుస్తారు. రోల్‌లోని వార్స్ (vars) ఫైలు పైమెట్టు కాబట్టి చడీచప్పుడు లేకుండా దాన్ని తొక్కేస్తుంది. అందులో టెస్ట్ చిరునామా ఉంటే అసలు బిల్లులు టెస్ట్ డేటాబేస్‌లో పడతాయి, సరుకు కదలదు, ఆలస్యానికి కట్టే డెమరేజ్ పెరుగుతుంది. మారే విలువ డిఫాల్ట్స్‌లో ఉండాలి, సర్వర్ల మధ్య తేడా సర్వర్ల జాబితా అయిన ఇన్వెంటరీలో ఉండాలి. ఎక్స్‌ట్రా వేరియబుల్స్ అత్యవసరానికే. రోజూ వాడితే, నిన్న దేంతో ఎక్కించామో ఏ ఫైలూ చెప్పదు.