నిద్రలేమికి కరపత్రం మందు కాదు

వయసు మళ్లినవారికి నిద్ర పట్టకపోతే విజయవాడలోనైనా, కృష్ణా డెల్టా పల్లెల్లోనైనా దొరికేవి రెండే: ఒక సలహా, ఒక మాత్ర. సాయంత్రం తర్వాత కాఫీ మానాలి, ఫోన్ దూరంగా పెట్టాలి, గోరువెచ్చని పాలు తాగాలి, మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి అన్నది సలహా. అక్టోబరు 1న వయోవృద్ధుల దినోత్సవ సభల్లోనూ పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ ఏటా వినిపించే పాఠం ఇదే. దానితో నిద్ర రాకపోతే అల్ప్రాజోలం. ఈ రెండింటిలో మొదటిది దాదాపు వృథా, రెండోది ప్రమాదం. పనిచేసే మూడో మార్గం ఉంది. ఆ పని చేయగల సిబ్బంది కూడా ఊరూరా ఉన్నారు. వారి చేత చేయించాలన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

సలహా ఎంత పనిచేస్తుందో కొలిచి చూసినవారున్నారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో నిద్రలేమితో బాధపడుతున్న 79 మంది వృద్ధులు పాల్గొన్నారు. వారి సగటు వయసు 72 ఏళ్లకు దగ్గర. సుమారు సగం మందికి నిద్ర గురించిన చిన్న పుస్తకాలు ఇచ్చారు. మిగతావారితో ఒక నర్సు రెండుసార్లు ఎదురుగా కూర్చుని, మరో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడింది. నాలుగు వారాలు గడిచేసరికి నర్సు చూసినవారిలో 55 శాతం మంది నిద్రలేమి నుంచి బయటపడ్డారు. పుస్తకాలు అందుకున్నవారిలో అలా బయటపడినవారు 13 శాతం. ఇక్కడి సభల్లో పంచే కరపత్రాల బలం ఈ 13 శాతమే.

నర్సు చెప్పిన సూత్రాలు నాలుగు. మంచం మీద గడిపే సమయం తగ్గించాలి. రాత్రి ఎంత తక్కువ నిద్రపోయినా ఉదయం ఒకే వేళకు లేవాలి. నిద్ర ముంచుకొచ్చే దాకా మంచం ఎక్కకూడదు. ఎక్కాక నిద్ర రాకపోతే లేచి కూర్చోవాలి. చదివితే ఇవీ సలహాల్లాగే కనిపిస్తాయి. తేడా లెక్కలో ఉంది. మనిషి ఎన్ని గంటలకు పడుకున్నదీ, ఎంతసేపు నిజంగా నిద్రపోయిందీ డైరీలో రాయించి, ఆ నిద్రకు సరిపడా మాత్రమే మంచం సమయం కేటాయిస్తారు. అది ఆరు గంటలకు తగ్గదు. నిద్ర కుదురుకున్న కొద్దీ వారానికి కొంత చొప్పున పెంచుతారు.

డెల్టాలో ఈ లెక్క ఎంత అవసరమో ఇక్కడి దినచర్యే చెబుతుంది. ఏడున్నరకు భోజనం, తొమ్మిదికి మంచం, ఆరింటికి లేవడం: మంచం మీద తొమ్మిది గంటలు. నిద్ర మాత్రం ఆరు గంటలే. మిగిలిన మూడు గంటలూ దొర్లడం, గోడ గడియారం వంక చూడడం, అమెరికాలోని పిల్లల గురించి, కోర్టులో ఉన్న పొలం గురించి తలపోయడం. కొన్నాళ్లకు మంచమంటేనే మెలకువ అన్నట్టుగా మెదడు అలవాటు పడుతుంది. పైగా వయసుతో పాటు శరీర గడియారం ముందుకు జరుగుతుంది, గాఢనిద్ర తగ్గుతుంది, మధ్యలో మెలకువలు పెరుగుతాయి. ఇవి మామూలు మార్పులే. నిద్ర తక్కువైందన్న భయంతో ఇంకా ముందే పడుకోవడం వల్ల అవి రోగంగా మారతాయి. వేసవిలో ఎండకు బయటికి వెళ్లలేక, ఉదయం నడకా మానేసి, మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర మరీ పలచబడుతుంది. భోజనానికి ముందు కడుపు నిండా చిరుతిండి తిన్నట్టే. న్యూయార్క్‌లో కొడుకు మధ్యాహ్న భోజన విరామంలో చేసే వీడియో కాల్ ఇక్కడ రాత్రి పదిన్నరకు మోగుతుందన్నది మరో చిక్కు. ఆ కాల్ ఎత్తవద్దని ఏ కరపత్రమూ చెప్పలేదు, చెప్పినా ఏ తల్లీ వినదు. దానికి తగ్గట్టు పడుకునే వేళను వెనక్కి జరపడం మాత్రం నర్సు చేయగలిగిన పని.

ఇక మాత్రల సంగతి. అమెరికా వృద్ధుల వైద్య నిపుణుల సంఘం ఏళ్ల తరబడి సవరిస్తూ వస్తున్న బీర్స్ జాబితా అల్ప్రాజోలం, క్లోనజెపాం వంటి మందులను పెద్ద వయసువారికి నిద్రలేమి కోసం ఇవ్వవద్దంటుంది. రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు తూలిపడడం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు, అయోమయం దీనికి కారణాలు. గురకతో పాటు నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. మన దేశంలో అల్ప్రాజోలం 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలులో ఉంది. చీటీ రాసిన వైద్యుడి పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం మందుల షాపు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. పాత చీటీ మీదే నెలనెలా స్ట్రిప్పు చేతికొచ్చే చోట ఆ రిజిస్టరుకు అర్థం లేదు. ఏళ్లుగా వేసుకుంటున్నవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. దానికీ ఎవరో ఒకరు వెంట ఉండాలి.

నిద్ర చెడగొట్టేవి అలవాట్లు మాత్రమే కావు. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదని, పది నుంచి ఆరు దాకా మైకులు మోగకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర వాటి ఊసెత్తేవారుండరు. కాలువగట్ల దోమలు, మోకాళ్ల నొప్పులు, ప్రోస్టేట్, పొద్దుపోయాక వేసుకునే మూత్రం మాత్ర ఉండనే ఉన్నాయి. ఇవన్నీ ఒక్కో మనిషికి ఒక్కో తీరు. అందుకే అందరికీ ఒకే కాగితం పంచితే ఫలితం 13 శాతం దగ్గర ఆగుతుంది.

79 మందిపై జరిగిన అధ్యయనం చిన్నదన్న అభ్యంతరం సబబే. అయితే అమెరికా నిద్ర వైద్య అకాడమీ 2021లో ఎన్నో అధ్యయనాలను పరిశీలించి, దీర్ఘకాలిక నిద్రలేమికి నిద్ర అలవాట్ల సలహాలను ఒక్కదాన్నే చికిత్సగా వాడవద్దని సూచించింది. ప్రవర్తన మార్పు చికిత్సలను సిఫార్సు చేసింది. సలహాల పక్షాన నిలిచేవారు 13కు మించిన అంకె చూపాలి.

మనుషుల కొరత అన్న సాకు ఆంధ్రప్రదేశ్‌లో చెల్లదు. విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో బీఎస్సీ నర్సింగ్ చదివిన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది (ఎంఎల్‌హెచ్‌పీలు) ఉన్నారు. వారితో పాటు ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఉన్నారు, బీపీ షుగర్ మాత్రలతో వచ్చే 104 వాహనం ఉంది. రెండు ముఖాముఖీలు, రెండు ఫోన్లు వారికి మోయలేని భారం కాదు. కానీ ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే సీబాక్ ఫారంలో అరవై దాటినవారికి ప్రత్యేకించిన ప్రశ్నలు నాలుగే: నడకలో తూలడం, అంగవైకల్యం, రోజువారీ పనుల్లో సాయం, పేర్లు మరచిపోవడం. వాటిలో నిద్ర లేదు. తూలుతున్నారా అని అడుగుతారు గానీ, తూలించే మాత్ర వేసుకుంటున్నారా అని అడగరు.

రాష్ట్ర జనాభాలో అరవై దాటినవారు 2021 నాటికి 12.4 శాతమని కేంద్రం అంచనా. వృద్ధుల సంఖ్య పెరుగుతోందన్న ఆందోళనతో ముఖ్యమంత్రి 2024లో పిల్లల్ని ఎక్కువగా కనాలని పిలుపునిచ్చారు. అదే ఏడాది స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు. ఇప్పటికే వృద్ధులైనవారికి ఆ పిలుపుతో ఒరిగేదేమీ లేదు, వారికి కావలసింది శిక్షణ ఉన్న నర్సు. నర్సింగ్ విద్యను పర్యవేక్షించే ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. దాని పేరు మార్చడానికి 2022లో ఒకసారి, 2024లో మరోసారి శాసనసభకు తీరిక దొరికింది. ఎంఎల్‌హెచ్‌పీలకు నిద్ర డైరీ చూడడం నేర్పే కొద్ది రోజుల శిక్షణకు చట్టం కూడా అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఔషధ నియంత్రణ శాఖ ముందుగా ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల షాపుల్లోని మూడేళ్ల హెచ్1 రిజిస్టర్లు తెరిచి, ఎన్ని నిద్రమాత్రలు అమ్ముడయ్యాయో కూడి ప్రకటించాలి. ఆ మొత్తాన్ని, 55, 13 అంకెలను పక్కపక్కన పెట్టుకున్నాక, వచ్చే అక్టోబరు 1కి కరపత్రం అచ్చువేయించాలో లేదో అధికారులు తేల్చుకోవచ్చు.