నొప్పి లేని గడ్డ

ఉగాండాలోనో నైజీరియాలోనో ఒక తల్లికి రొమ్ములో చిన్న గడ్డ తగులుతుంది. నొప్పి లేదు కాబట్టి ఊరుకుంటుంది. తర్వాత నాటువైద్యం, స్వస్థత కూటాలు. రొమ్ము తీసేస్తారనీ, భర్త వదిలేస్తాడనీ భయం. పెద్దాసుపత్రి దూరం, చేతిలో డబ్బుండదు. దగ్గరి క్లినిక్‌కు వెళ్లినా, ఏవో మాత్రలిచ్చి పంపేస్తారు. అలా వ్యాధి ముదిరిపోతుంది.

ఆమెను అజ్ఞాని అనడం తేలిక, కానీ న్యాయం కాదు. ఆసుపత్రికి వచ్చిన 60 రోజుల్లోగా నిర్ధారణ పూర్తవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రారంభించిన కార్యక్రమం కోరుతోంది. అంటే ఆలస్యంలో ప్రభుత్వాలకూ వాటా ఉంది. సంఘాలకూ ఉంది. ప్రార్థించిన కాపరే "డాక్టరు దగ్గరికి వెళ్లమ్మా" అంటే విశ్వాసం తగ్గదు. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా!

యువతీ యువకులారా, మన సంఘాల్లోనూ ఈ మాట సిగ్గుపడకుండా మాట్లాడదాం.