పరిహాసము – గాలము

ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనువారికి మాటలతోపాటు కంటి మెఱుపు, పెదవి విరుపు, కంఠస్వరము కూడ తోడ్పడును. “నీవంటి మొద్దు ఈ ఊరిలో లేడోయి” అని నవ్వుచు అన్నచో మిత్రుడును నవ్వును. ఆ మాటనే వ్రాసి పంపినచో అతడు నవ్వునో, నొచ్చుకొనునో చెప్పజాలము. కంప్యూటరు ద్వారా ముచ్చటించుకొనువారికి మొదటినుండియు ఉన్న చిక్కు ఇదియే.

1982 సెప్టెంబరులో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమందు ఒక చిత్రము జరిగెను. అచ్చటివారు కంప్యూటరులోని ప్రకటన ఫలకముపై సరసములాడుకొనుచుండిరి. త్రాడు తెగి లిఫ్టు పడిపోవునపుడు అందులోని పాదరసపు బొట్టు ఏమగును, వెలుగుచున్న కొవ్వొత్తి ఏమగును అని ప్రశ్నలు పుట్టినవి. అంతలో ఒకడు, శాస్త్రప్రయోగము వలన ఎడమవైపు లిఫ్టు పాదరసముతో కలుషితమైనదనియు, కొంత కాలినదనియు గంభీరముగా హెచ్చరిక వ్రాసెను. వెనుకటి ముచ్చటలు చదువనివారు దానిని నిజమని తలచిరి. అప్పుడు హాస్యమునకు ఒక గుర్తు కావలెనని చర్చ వచ్చెను. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అను శాస్త్రజ్ఞుడు, రెండు చుక్కలు, ఒక అడ్డగీత, ఒక కుండలీకరణము వరుసగా పెట్టినచో, తల ప్రక్కకు వంచి చూచువారికి నవ్వుమొగము కనబడునని సూచించెను. నేటి టెలిఫోనులలోని నవ్వు బొమ్మలకు అది పూర్వరూపము. నిన్ను నొప్పించుట నా యుద్దేశము కాదని ముందుగానే తెలుపు మర్యాద ఆ చిన్న గుర్తులో ఉన్నది.

అంతకు ముందే, 1979లో, డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులైన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు యూజ్‌నెట్ అను చర్చాజాలమును తలపెట్టిరి. అందు ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క బృందము ఏర్పడెను. ఏటేట సెప్టెంబరులో కళాశాలలలో చేరిన విద్యార్థులు అందు ప్రవేశించి, తెలియక తప్పులు చేయుచుండిరి. పెద్దలు వారికి అచ్చటి మర్యాదలు నేర్పుచుండిరి. పెద్దలందఱును అట్టివారు కారు. 1990 తరువాత, వదంతుల నిజానిజములు చర్చించు ఒక బృందమున పాతకాపులు కొందఱు ఒక వినోదము కనిపెట్టిరి. ఎన్నడో తేలిపోయిన ప్రశ్నను ఏమియు ఎఱుగనట్లు మరల వేయుదురు. క్రొత్తవాడు ఆవేశముతో బదులు చెప్పినచో చాటున నవ్వుకొందురు. కదలుచున్న పడవ వెనుక ఎర కట్టిన త్రాటిని లాగుచు చేపలు పట్టుటను ఆంగ్లమున ట్రోలింగ్ అందురు. ఆ పేరే దీనికిని వచ్చెను. పేరు తగినదే, చేపకు అది వినోదము కాదు గదా! తరువాత ఆ విద్య అపరిచితులను రెచ్చగొట్టుటయే పనిగా గలవారి చేత చిక్కెను.

ట్రోలునకు మేత వేయవలదని యూజ్‌నెట్‌వారిలో ఒక నానుడి కలదు. లారీ వాల్ 1984లో వెలువరించిన ఆర్‌ఎన్ అను పఠనసాధనమున ఒక పట్టిక ఉండెడిది. అందు చేర్చిన వారి వ్రాతలు, చేర్చినవానికి మరి కనబడవు. తరువాతి కాలమున ఒకనిని ఆ పట్టికలోనికి త్రోసినపుడు ‘ప్లాంక్’ అని అందఱికిని చాటుట ఆచారమయ్యెను. అది అడుగున పడినవాడు చేయు చప్పుడట. గాలము వేసినవాడు కోరునది ఆ చప్పుడే కాబట్టి, మాటలేకుండ త్రోసివేసినవారే తెలివిగలవారు.

ఊరకుండుట పిఱికితనమని కొందఱందురు. అసత్యము వలన ఇతరులు మోసపోవునట్లున్నచో ఒక్కసారి, ఆధారములతో బదులు వ్రాయవచ్చును. అది చదువరుల కొఱకు. రెచ్చగొట్టినవాని కొఱకు కాదు. రెండవసారి వ్రాసిన అది వాని ఆటయే యగును.

తరగతి బృందములో ఒక బాలుని యాసను వెక్కిరించి, పదిమంది నవ్వు బొమ్మలు పంపుట వేఱు విషయము. నొప్పింపకుండుటకై పుట్టిన గుర్తు అచ్చట నొప్పించుటకు ముసుగగుచున్నది. ఆ బాలుడు నవ్వలేనిచో అది పరిహాసము కాదు. అప్పుడు తక్కినవారి మౌనమును ఆ బాలుడు సమ్మతిగానే భావించును. వారిలో ఒకడైనను “ఈ మాట బాగులేదు” అని వ్రాయవలెను. వెక్కిరింత బెదిరింపుగా మారినచో ఆ వ్రాతలను చెఱపక దాచి, ఉపాధ్యాయునకో తలిదండ్రులకో చూపవలెను.