పాత కేసులైతే నేరం పెద్దదే

కాన్పూర్‌లోని లాలా లజపతిరాయ్ ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకునే 180 మంది థలసీమియా రోగుల్లో 14 మంది పిల్లలకు ప్రమాదకర వైరస్‌లు సోకాయని 2023లో అక్కడి పిల్లల వైద్య విభాగాధిపతే బయటపెట్టారు. ఏడుగురికి హెపటైటిస్ బి, అయిదుగురికి హెపటైటిస్ సి, ఇద్దరికి హెచ్‌ఐవీ. అందరూ ఆరు నుంచి 16 ఏళ్లలోపు వారే. ఆ వార్త వేడి తగ్గకముందే ఆ ఆసుపత్రికి అనుబంధమైన వైద్య కళాశాల ప్రిన్సిపాల్ రంగంలోకి దిగారు. 2019 తరవాత తమ దగ్గర ఎవరికీ కొత్తగా ఏ వైరస్సూ సోకలేదని, ఇవన్నీ పాత కేసులేనని ప్రకటించారు.

విండో పీరియడ్‌లో, అంటే వైరస్ సోకినా పరీక్షకు ఇంకా చిక్కని దశలో ఉన్న దాత రక్తాన్ని ఏ పరీక్షా నూటికి నూరుపాళ్లు పట్టుకోలేదన్న మాట నిజమే. అత్యవసరంలో ఈ పిల్లలు బయటి ఆసుపత్రుల్లోనూ రక్తం ఎక్కించుకుంటారన్నదీ కాదనలేం. కానీ ‘పాత కేసులు’ అన్న వాదనను మాత్రం క్షమించలేం.

పిల్లల్లో హెపటైటిస్ సి చడీచప్పుడు లేని జబ్బు. సాధారణంగా కళ్లు పచ్చబడవు, జ్వరం రాదు, పిల్లవాడు బడికి పోతూనే ఉంటాడు. థలసీమియా ఉన్న పిల్లల్లో అది మరింత మరుగున పడుతుంది. కాలేయ పరీక్షలో ఎస్‌జీపీటీ పెరిగితే ఒంట్లో ఇనుము పేరుకుందంటారు. నీరసంగా ఉందంటే హిమోగ్లోబిన్ పడిపోయిందంటారు. చాలాసార్లు ఆ రెండూ నిజమే కాబట్టి మూడో కారణం కోసం ఎవరూ వెతకరు. ఈలోగా ఇనుమూ వైరస్సూ కలిసి ఆ చిన్న కాలేయాన్ని పాడుచేస్తుంటాయి. అందువల్ల రిజిస్టరులో రాసుకున్న సంవత్సరం వైరస్ సోకిన సంవత్సరం కాదు. ఎవరో ఒకరు పరీక్ష చేయించిన సంవత్సరం మాత్రమే. దాన్ని చూపించి ఫలానా ఏడాది తరవాత ఏమీ జరగలేదనడం వైద్యం తెలిసినవారు చెప్పవలసిన మాట కాదు.

సరే, ప్రిన్సిపాల్ మాటే నిజమనుకుందాం. అప్పుడు అడగవలసింది ఇంకా పెద్ద ప్రశ్న. ఇన్నేళ్లుగా తెలిసి ఏం చేశారు? ఒకప్పుడు హెపటైటిస్ సికి చేతిలో ఉన్నవి ఇంటర్‌ఫెరాన్ సూదులు, రైబావిరిన్ మాత్రలు. రైబావిరిన్ ఎర్ర రక్తకణాలను విరగ్గొడుతుంది. రక్తమే తక్కువైన పిల్లలకు దాన్ని ఇవ్వడానికి డాక్టర్లు జంకారంటే అర్థం ఉంది. ఆ రోజులు పోయాయి. నోటితో వేసుకునే మందులు 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతోంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జులై 28న మొదలైంది. దాని కింద పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. మూడేళ్లు దాటిన పిల్లలకూ ఈ మందులు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. నయమయ్యే జబ్బును ‘పాతది’ అని పిలవడమంటే, నయం చేయకుండా వదిలేశామని ఒప్పుకోవడమే. చికిత్స చేసి ఉంటే ఆ సంగతే ముందు చెప్పాలి కదా! మూడు వారాలకోసారి తమ వార్డుకే వచ్చి, చెయ్యి చాచి సూది గుచ్చించుకునే పిల్లలు వీళ్లు. ఎక్కడో తప్పిపోయి ఆచూకీ దొరకనివారు కారు.

ఇంకో సంగతీ ఉంది. హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరిలో అది తనంతట తానే పోతుంది, మందులతో పోయినవారిలోనూ యాంటీబాడీలు మిగిలే ఉంటాయి. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఆ అయిదుగురిలో వైరస్ ఇంకా ఎందరిలో ఉంది? తల్లిదండ్రులు తెలుసుకోవలసింది అదే. అటు విభాగాధిపతి అంకెల్లోగానీ, ఇటు ప్రిన్సిపాల్ ఖండనలోగానీ అది మాకు కనపడలేదు.

రక్తం సంచీ మీద చిన్న చీటీ ఉంటుంది: హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ, హెచ్‌సీవీ నాన్ రియాక్టివ్ అని. ఆ చీటీని నమ్మే తల్లి బిడ్డ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. మామూలు ఎలైజా యాంటీబాడీ పరీక్షతో హెపటైటిస్ సి విండో పీరియడ్ సుమారు రెండు నెలలు; వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్ పరీక్ష చేస్తే అది రోజుల్లోకి తగ్గుతుంది. మన దేశంలో న్యాట్ ఇప్పటికీ తప్పనిసరి కాదు. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది థలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ సోకిందని తెలిసి దేశం ఉలిక్కిపడింది. పన్నెండేళ్ల తరవాతా అదే కథ, అవే సాకులు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాగే నెలనెలా రక్తం మీద బతుకుతున్న పిల్లలున్నారు. వారికి హెపటైటిస్ సి పరీక్ష ఎన్నాళ్లకోసారి జరుగుతోందో, పాజిటివ్ వచ్చినవారిలో ఎందరు మందులు పూర్తి చేశారో రెండు ప్రభుత్వాలూ ప్రకటించాలి. పేర్లు అక్కర్లేదు, లెక్క చాలు.

కాన్పూర్‌లో ముందు జరగవలసింది ఒకటే. హెపటైటిస్ సి సోకిన ఆ పిల్లలందరికీ వెంటనే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేసి, ఫలితాన్ని తల్లిదండ్రుల చేతికి కాగితం మీద ఇవ్వాలి. వైరస్ ఉన్నవారికి ఆలస్యం చేయకుండా మందులు మొదలుపెట్టాలి. ఎవరి హయాంలో సోకిందన్న తగువు ఆ తరవాత ఎంతకాలమైనా తేల్చుకోవచ్చు.